రెండు వేళ్లు ఎక్కువ

పోయిన వారం మిమ్మల్ని మా ఇంటి మెట్ల మధ్యలో వదిలేసి వెళ్లాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకేం? మీరు ఈ వారమంతా హాయిగా తిరిగొచ్చారు. నేనింకా ఆ మెట్ల మీదే ఉన్నాను, కొత్త కిటికీ నడుం పట్టుకుని. పైకొస మా ఆయన చేతిలో ఉంది, కిందికొస మా మరిది చేతిలో ఉంది. మధ్యలో నేను. రెండేళ్లుగా ఈ ఇంట్లో నా చోటు అదే, అడకత్తెరలో పోకచెక్క.

ఇవాళే కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. మా మామగారు కిటికీలు చేసేవారు. ఆయన పోయాక కొడుకులిద్దరూ అదే పని పట్టుకున్నారు. మా ఆయన ఇళ్లకు వెళ్లి కొలతలు తీసేవాడు, తయారైన కిటికీ బిగించి వచ్చేవాడు. మరిది కింద వర్క్‌షాపులో చట్రాలు కోసేవాడు. రెండేళ్ల కిందట ఎవరింటికో చేసిన కిటికీ పొట్టిదైతే, ఆ ఇంటివాళ్లూ వీధిలోవాళ్లూ చూస్తుండగా మా ఆయన, "వాడు కలపడం మర్చిపోయాడండీ" అని తమ్ముణ్ణి వేలు పెట్టి చూపించాడు. మరిది అవుననలేదు, కాదనలేదు. పనిముట్లు సర్దుకుని ఇంటికి నడిచి వచ్చేశాడు. ఆ రోజు మూసిన నోరు అన్న ముందు మళ్లీ తెరవలేదు. ఈయనేం తక్కువ తిన్నాడా? ఈయనా మూశాడు. అప్పట్నుంచి ఎవరి పని వాళ్లది. మేం వర్క్‌షాపు వెనక అరలో, మరిదీ తోడికోడలూ మేడ మీద. మధ్యలో మాటలు మోసేదాన్ని నేను.

కలపడం అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే ఈ వారం నా ఏడుపు మీకు అర్థం కాదు. పాత కిటికీ చట్రం అంచు, చుట్టూ వేలెడు మేర, గోడ గారలో దాక్కుని ఉంటుంది. బయటికి కనిపించినంతే కొలిచి కొత్తది చేస్తే, పాతది పీకాక గోడలో ఖాళీ పెద్దదై కిటికీ చిన్నదవుతుంది. అందుకని దాగినది ఇటు వేలూ అటు వేలూ, మొత్తం రెండు వేళ్ల వెడల్పు కలుపుకోవాలి. దానికి మామగారు ఒక పద్ధతి పెట్టారు. కొలిచేవాడు కనిపించినంతే చెప్పాలి, కలిపేది కోసేవాడు. "ఒక పనికి ఇద్దరు పెద్దలుంటే అది పని కాదే అమ్మాయ్, పంచాయితీ" అనేవారు నాతో. టేపును కూడా ఆయన నమ్మేవారు కాదు. సన్నటి చెక్క బద్దను కిటికీకి ఆనించి, చాకుతో గీత పెట్టడమే. టేపు మీద అంకె తప్పు చదవొచ్చు, గీతకు చదువు అక్కర్లేదు కదా. మా ఇంట్లో ఇప్పటికీ ఆ బద్దలే నడుస్తున్నాయి.

ఇక పిడికెడు సంగతి. మా తోడికోడలి కూతురు. నెలలు నిండకుండానే వచ్చేసింది. పేరింకా పెట్టలేదు, అందాకా అందరం పిడికెడు అనే పిలుస్తున్నాం. పుట్టినప్పటి నుంచీ ఆస్పత్రిలో వెచ్చటి పెట్టెలోనే ఉంది. ఇప్పుడు ఒళ్లు చేసింది, ఇంటికి పంపొచ్చన్నారు. పంపేముందు చూడాలని కొన్ని వారాల కిందటే ఆస్పత్రి నర్సమ్మ వచ్చి మేడమీది గది చూసింది. మూసి ఉన్న కిటికీ దగ్గర ఒక పల్చటి కాగితం ముక్క పట్టుకుంటే అది టపటపా కొట్టుకుంది. హీటరు పెట్టించి, చాలాసేపు కూర్చుని, "మీ హీటరు గదిని కాదమ్మా, వీధిని వెచ్చబెడుతోంది" అంది. గోడకు ఒక థర్మామీటరు తగిలించి, దాని మీద ఎర్రగీత గీసి, ఈ గీత దాటితేనే బిడ్డను పంపుతామని చెప్పింది. ఆ పెట్టె కోసం వేరే బిడ్డలు కాచుకుని ఉన్నారట. మాకిచ్చిన గడువు రేపటిదాకానే, ఆలోగా మా గది సిద్ధం కాకపోతే పిడికెడును పక్క ఊరి పెద్దాస్పత్రికి పంపేస్తారట. అక్కడ తల్లుల్ని ఉండనివ్వరు. రోజుకోసారి వెళ్లి అద్దంలోంచి చూసి రావడమే.

కింద మా అరలో పెట్టుకుందామా అంటే, కిందంతా అద్దాల పొడి, జిగురు వాసన. పెద్దవాళ్లకే దగ్గు ఆగదు.

నర్సమ్మ మాటలన్నీ మా ఆయన మెట్ల కింద నిలబడి విన్నాడు. మర్నాడు తమ్ముడు ఆస్పత్రికి వెళ్లిన వేళ చూసి మేడెక్కాడు. దిగి వచ్చి, గీతలు పెట్టిన బద్ద నా చేతికిచ్చి, "వాడికియ్యి" అన్నాడు. అంతే. మరిది ఆ బద్దను చేతుల్లో తిప్పి తిప్పి చూశాడు. "అన్నయ్యే కొలిచాడా వదినా?" అన్నాడు. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి. రెండేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి చేస్తున్న మొదటి పని అది. అద్దాలు ఫ్యాక్టరీలో చేయించాడు. రెండు పొరలు, మధ్యలో గాలి బిగించి అంచులు మూసేసినవి. వేడి బయటికి పోదు, చలి లోపలికి రాదు. ఆ అద్దానికి చట్రం తయారుచేస్తూ మరిది తిండి కూడా మర్చిపోయాడు.

ఇప్పుడు మెట్ల మీదికి రండి.

"వాడికి చెప్పు, కింద ఎత్తమని" అన్నాడు మా ఆయన పైనుంచి.

మరిదికి చెవుడేం లేదు. నాలుగు మెట్ల దూరంలో ఉన్నాడు. అయినా నేను చెప్పేదాకా ఎత్తడు.

"ఎత్తవయ్యా బాబూ" అన్నాను.

ఎత్తాడు. "మలుపులో గోడకు తగుల్తుంది, చూసుకోమను వదినా."

"చూసుకోమంటున్నాడు."

"చూస్తూనే ఉన్నానని చెప్పు."

"చూస్తూనే ఉన్నాడట. ఇంకా ఏమైనా ముచ్చట్లుంటే కిటికీ దింపాక చెప్పుకోండి, నా చేతులు పడిపోతున్నాయి."

ఎలాగో పైకి చేర్చాం. గదిలో అడుగు పెట్టగానే చలి మొహం మీద కొట్టింది. పాత కిటికీని పొద్దున్నే పీకేశాడు మా ఆయన. పుచ్చిన చెక్క, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. మళ్లీ పెట్టుకుందామన్నా అందులో మిగిలిందేమీ లేదు. గోడలో మనిషంత ఖాళీ. దాని అవతల వీధి, ఎదురింటి మేడ మీద మిషను కుడుతున్న టైలరు. మమ్మల్ని చూసి చేయెత్తి, "ఏమ్మా, కిటికీ తీసి తలుపు పెడుతున్నారా? మా ఇంట్లోకి నేరుగా నడిచి రావచ్చు!" అని అరిచాడు. నేను నవ్వాను కూడా. అప్పటికింకా నవ్వు వచ్చేది.

ఇద్దరూ చెరో పక్క పట్టి కిటికీని లేపి ఖాళీకి ఆనించారు. ఆనింది. లోపలికి పోలేదు.

మా ఆయన కొద్దిగా పైకి లేపాడు. పోలేదు. ఒక మూల ముందు దూర్చి రెండో మూల నెట్టాడు. పోలేదు. అరచేత్తో తట్టాడు. మరిది అంచు మీద వేళ్లు పెట్టి చుట్టూ తడుముకుంటూ వచ్చాడు. ఇద్దరి మొహాల్లో రంగు ఒకేసారి పోయింది. నాకు పని రాదు గానీ మొహాలు చదవడం వచ్చు.

"దించుదాం" అన్నాడు మా ఆయన, ఎవరితోనో.

దించి గోడకు చేరేశారు. మా ఆయన ఖాళీ అంచున చూపుడువేలూ మధ్యవేలూ ఆనించి పెట్టాడు. అడ్డంగా ఆ రెండు వేళ్లు ఎక్కువ. నిలువునా ఆ రెండు వేళ్లే ఎక్కువ.

"చట్రం కాస్త కొయ్యకూడదా?" అన్నాను, తెలిసీ తెలియక.

"చట్రం సన్నం, రెండు వేళ్లు కొయ్యబోతే తగిలేది అద్దమే వదినా. దాన్ని ముట్టుకుంటే మధ్యలో గాలి పోతుంది, పగిలినా పగులుతుంది. మళ్లీ చేయించాలంటే ఎన్ని వారాలో" అన్నాడు మరిది. అని గబగబా కిందికి దిగి వెళ్లాడు.

బద్ద తీసుకుని వచ్చాడు. దాన్ని తెచ్చి గోడలోని ఖాళీకి అడ్డంగా పెట్టాడు. ఈ కొస నుంచి ఆ గీత దాకా గోడకు గోడకు మధ్య అతికినట్టు సరిపోయింది. నిలువు గీత చూశాడు. అదీ అంతే, పొల్లు పోలేదు.

నాకే అర్థమైంది, ఇక వాళ్లకు కాదూ? మామగారి పద్ధతిలో ఆ గీత ఖాళీకి రెండు వేళ్లు తక్కువ రావాలి. తక్కువ రాలేదు. అంటే గీతలోనే కలిపేసి ఉంది. అది తెలియక మరిది తన వంతు మళ్లీ కలిపాడు.

మరిది బద్దను అలాగే పట్టుకుని, నావైపు తిరిగి అన్నాడు. "వదినా, ఆయన్ని అడుగు. కలిపి గీశాడా?"

"ముందు జరగాల్సింది చూడమను వాణ్ణి" అన్నాడు మా ఆయన, నావైపే చూస్తూ.

"అడుగు వదినా."

"వాడికి చెప్పు..."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చెప్పను! అడగను! ఒకడికి పెళ్లాన్ని, ఒకడికి వదినని, మీ ఇంటికి తపాలా బంట్రోతుని కాదు. ఎదురెదురుగా నిలబడ్డారు, మీ ఇద్దరి నోళ్లూ బాగానే ఉన్నాయి. నా నోటితోనే మాట్లాడాలంటే ఇదిగో, దీనికి తాళం వేశాను. బిడ్డ రేపు వస్తుంది. మీ ఇష్టం."

నేను అరిచిన అరుపుకు ఎదురింట్లో మిషను ఆగిపోయింది.

మరిది బద్ద మీంచి తలెత్తి అన్న మొహంలోకి చూశాడు. "కలిపావా?" అన్నాడు.

రెండేళ్లకు అన్నతో మాట్లాడిన మొదటి మాట అది. అన్నయ్యా అని కూడా అనలేదు.

"కలిపాను."

"నేనూ కలిపాను. అది నా పని. నాన్న నాకిచ్చిన పని. నువ్వెందుకు కలిపావు?"

పొరపాటున అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ మా ఆయనకు అబద్ధం చేతకాదు. పెళ్లైన కొత్తలో, ఊరికే, ముచ్చటకి, కూర బాగుందా అని అడిగితే ఉప్పెక్కువైందన్న మనిషి. ఆ నోట్లోంచి నిజం తప్ప ఏదీ రాదు, ఎవరు చచ్చినా ఎవరు బతికినా.

"నువ్వు మర్చిపోతావేమోనని" అన్నాడు.

నేను కళ్లు మూసుకున్నాను. మరిది అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గొంతు ఇంకా తగ్గించాడు.

"ఆ రోజు కూడా నేను మర్చిపోలేదు. నీ గీతే తక్కువ వచ్చింది. ఇంటికొచ్చాక బద్దనూ కోత కొలతనూ మళ్లీ చూసుకున్నాను, రెండు వేళ్లు కలిపే ఉంది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"ఎలా చెప్పను? అంతమందిలో నన్ను చూపించేశావు. నేను కాదంటే తప్పు నీదని తేలుతుంది. ఇళ్లకు వెళ్లి కొలిచేవాడివి నువ్వు. కొలవడం రానివాణ్ణి ఏ ఇంటికి రానిస్తారు? నేను లోపల కూర్చుని కోసుకునేవాణ్ణి, నా మొహం ఎవరు చూడొచ్చారని ఊరుకున్నాను. నువ్వే వచ్చి అడుగుతావనుకున్నాను. ఒక్కసారైనా."

మా ఆయన రంగుడబ్బా బోర్లించి దాని మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ని ఎన్ని రకాలుగానో చూశాను గానీ అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. రెండు చెంపలూ వాయించాలని కూడా అనిపించింది. రెండూ చేయలేక చీపురు తీసుకుని రాలిన గార ఊడవడం మొదలుపెట్టాను.

ఉన్నట్టుండి ఆయన లేచి ఉలి, సుత్తి అందుకున్నాడు. ఖాళీ అంచున గోడకు ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. పాత గోడ, పెచ్చులు పెచ్చులుగా లేచింది. గదంతా ఎర్రటి దుమ్ము. పిడికెడు కోసం ఉతికి పరిచిన దుప్పటి మీద, చిన్న మంచం మీద, హీటరు మీద, అన్నింటి మీదా పడింది.

"ఆపు!" మరిది చెయ్యి పట్టుకున్నాడు. "పక్కలు చెక్కుతావు సరే, పైన దూలం ఉంది. దాన్నేం చేస్తావు? ఇంటి కప్పు దాని మీదే ఉంది. పైగా ఈ దుమ్ములో ఆ పసిగుడ్డు ఊపిరి ఎలా తీస్తుంది?"

ఆయన చేతిలో ఉలి అలాగే ఉంది. కిందికి దించాలో పైకెత్తాలో తెలియనట్టు నిలబడ్డాడు. మరిది మెల్లగా దాన్ని ఆయన వేళ్లలోంచి తీసుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వర్క్‌షాపు మీద కప్పే టార్పాలిన్ తెచ్చి ఖాళీకి మేకులతో కొట్టాం. గాలి ఒకసారి లోపలికి తోసేసరికి అది పొట్టలా ఉబ్బింది, ఒకసారి బయటికి లాగేసరికి రెండు మేకులు ఊడొచ్చాయి. హీటరు నిండుగా పెట్టాను. థర్మామీటరు ముందు నిలబడ్డాను. ఎర్రగీతకు చాలా కింద ఉంది. చేత్తో రుద్దుదామా అనిపించింది, అది పైకెక్కడానికి. నా వెర్రి.

"రేపు పొద్దున కదా వచ్చేది" అన్నాడు మరిది కాసేపయ్యాక. నాతో అన్నాడనుకున్నాను. అన్నతో అన్నాడు. "కర్రల అడితి ఇంకా తెరిచే ఉంటుంది. పలకలు తెచ్చి లోపలొక వరస, బయటొక వరస కొడదాం. మధ్యలో పాత పరుపులో దూది కుక్కుదాం. చీకటిగా ఉంటుంది, ఉండనీ. వెచ్చగా ఉంటే చాలు."

"అంచులకు సందులు పూడ్చే నురగ కొట్టాలి, లేకపోతే గాలి దూరుతుంది" అన్నాడు మా ఆయన, తల దించుకునే.

"నురగ డబ్బా కింద ఉంది. రాత్రి ఆరితే పొద్దుటికి వాసన పోతుంది."

"కొలత నువ్వే తియ్యి" అన్నాడు మా ఆయన.

మరిది ఆయన్ని చూశాడు. బద్ద తీసుకుని ఖాళీ దగ్గరికి వెళ్లాడు. నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చిన్న ఆశ పుట్టింది, చెప్పకేం. తెల్లారేదాకా టైముంది, చేతుల్లో పనుంది, నోళ్లలో మాటలున్నాయి. ఈ ఇంటికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

అప్పుడు మరిది ఫోను మోగింది. అతని చేతుల నిండా దుమ్ము, మేకులు. నేనే అందుకుని స్పీకరు నొక్కాను. అవతల నా తోడికోడలు. గొంతులో సంతోషం పొంగిపోతోంది. నెలలు తక్కువ బిడ్డ పుట్టాక ఆ గొంతు అలా వినడం అదే మొదటిసారి.

"ఏమండీ, వింటున్నారా? రేపు కాదు, ఇవాళే పంపించేశారు! పెట్టె వేరే పాపకి అర్జెంటుగా కావాలట. కార్లో ఉన్నాం. నర్సమ్మ కూడా మాతోనే వస్తోంది, గది చూసి దింపి వెళ్తుందట. బాగోకపోతే ఇటు నుంచి ఇటే పక్క ఊరికి తీసుకుపోతానంటోంది, మీరేం కంగారు పడకండి, మన కిటికీ పెట్టేశారుగా అని చెప్పాను. పెట్టేశారుగా?"

మరిది నోరు తెరిచాడు. మాట రాలేదు. టార్పాలిన్ కింది మూల ఊడి గోడకేసి కొట్టుకుంటోంది. నేను ఫోను దగ్గరికి వంగాను, ఏం చెప్పాలో నాకూ తెలియదు. అక్కడే ఏదో దుకాణం ముందు ఆపమననా? ఊరంతా ఓ చుట్టు తిరిగి రమ్మననా? పసిగుడ్డును పెట్టుకుని ఎంతసేపు తిరుగుతారు?

"హలో? వినిపిస్తోందా? పెట్టేశారా లేదా? అక్కా, నువ్వైనా చెప్పు."

నా చేతిలోంచి ఫోను ఎవరో తీసుకున్నారు. చూస్తే మా ఆయన. రెండేళ్లుగా ఆ పిల్ల మెట్లు దిగుతుంటే తల పక్కకు తిప్పుకున్న మనిషి. ఉప్పెక్కువైతే ఎక్కువైందని చెప్పిన మనిషి.

"పెట్టేశామమ్మా" అన్నాడు. "నీ మరిది... నీ మొగుడు బాగా చేశాడు. గది వెచ్చగా ఉంది. రండి తల్లీ."

"బావగారా?" అంది ఆ పిల్ల. అని ఏడ్చేసింది. "వచ్చేశాం బావగారూ, వీధి మొదట్లో ఉన్నాం" అంటూ పెట్టేసింది.

ఆయన ఫోను నాకు తిరిగి ఇచ్చాడు. మరిది ఆయన్నే చూస్తున్నాడు. ముగ్గురం థర్మామీటరు వంక చూశాం. అది ఎక్కడుందో అక్కడే ఉంది.

వీధి చివర కారు హారను మోగింది. గోడకు కిటికీ లేదు కదా, పక్కనే మోగినట్టు వినిపించింది.